చెన్నై మ్యాచ్‌కి బ్యానర్ కుట్టుకుని పోయేవాళ్లకి

నెల్లూరు జిల్లా వాళ్లకి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ అంటే దగ్గరి ఊరు చెన్నై. రైలెక్కితే మూడు గంటలు. సెంట్రల్‌లో దిగి రిప్పన్ బిల్డింగ్ పక్కనుంచి పెరియమేట్ వైపు నడిస్తే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం వస్తుంది, ఆటో కూడా అక్కర్లేదు. 2014లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదలైనప్పుడు చెన్నై క్లబ్బు చెన్నైయిన్ ఎఫ్‌సీ సొంత మైదానంగా ఎంచుకున్నది దాన్నే. ఇంత దగ్గరున్నా మనవాళ్లు చాలామంది పోయి, కూర్చుని, ఫోన్లో రెండు వీడియోలు తీసుకుని వచ్చేస్తారు. ఆట మాత్రమే చూడాలంటే టీవీలోనే బాగా కనపడుతుంది. స్టేడియానికి పోవాల్సింది అక్కడి అరుపులో మన గొంతు కూడా కలపడానికి. అందుకు ఇంట్లోనే కొంత పని చేసుకుని పోవాలి. నాది స్టోన్‌హౌస్‌పేటలో టైలరింగ్ షాపు. మా పిలకాయలకీ వాళ్ల స్నేహితులకీ బ్యానర్లు కుట్టేదీ నేనే, వాళ్లని వెంటబెట్టుకుని పోయేదీ నేనే. అందుకని ఇందులో గుడ్డ సంగతి కాస్త ఎక్కువే ఉంటుంది.

ప్రయాణం సంగతి ముందు చెప్పేస్తాను. క్లబ్బు తేదీ, మైదానం రెండూ ప్రకటించాకే రైలు టికెట్లు తీయండి. దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కీ లీగ్ నడిపే సంస్థకీ మధ్య హక్కుల ఒప్పందం తేలక 2025 జులైలో కొత్త సీజన్నే ఆపిపెట్టారు. మామూలుగా మ్యాచ్ రాత్రి 7:30కి మొదలైతే బయటికొచ్చేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. ఆ వేళకి నెల్లూరు రైలు దొరుకుతుందని నమ్ముకోవద్దు. ఆంధ్రా బస్సులు మాధవరం బస్టాండు నుంచి బయల్దేరతాయి. ఆర్టీసీలో సీట్లు ముందే తీసుకోండి, పిలకాయలు ఉంటే మరీను.

టికెట్ కొనేటప్పుడు ఏ స్టాండో చూసుకోవాలి. చెన్నైయిన్‌కి రెండు పెద్ద అభిమాన గుంపులున్నాయి: సూపర్‌మచాన్స్, బి స్టాండ్ బ్లూస్. వాళ్లు నిలబడే చోటుకి దగ్గర్లో టికెట్ తీసుకుంటే సగం పని అయినట్టే. మ్యాచ్‌కి వారం ముందే సోషల్ మీడియాలో వాళ్లకి ఒక మాట పంపండి: నెల్లూరు నుంచి ఇంతమంది వస్తున్నాం, ఒక బ్యానర్ తెస్తున్నాం, ఎక్కడ కట్టుకోమంటారు? ఈ ఒక్క మాటతో మీరు ప్రేక్షకుల లెక్కలోంచి వాళ్ల మనుషుల లెక్కలోకి వస్తారు. గేటు దగ్గర ఏవి వదులుతారో, ఏవి వదలరో కూడా వాళ్లకే బాగా తెలుసు. కేరళ బ్లాస్టర్స్‌తో మ్యాచ్ అయితే ఇంకా ముందుగా టికెట్ తీసుకుని, ఇంకా ముందుగా లోపలికి పోండి. వాళ్ల అభిమాన గుంపు మంజప్పడ వాళ్లు పసుపు చొక్కాలతో పెద్ద సంఖ్యలో వస్తారు. ఆ రోజు స్టేడియంలో ఉండే ఊపు వేరు.

ఇక బ్యానర్. ఫ్లెక్స్ వద్దని గట్టిగా చెబుతాను. ఫ్లడ్‌లైట్ల కింద అది మెరుస్తుంది, అక్షరాలు కనపడవు. మడతపెడితే గీతలు పడుతుంది. అన్నిటికంటే, డబ్బులిచ్చి అచ్చేయించిన దానికీ నలుగురు కూర్చుని కత్తిరించి కుట్టినదానికీ దాన్ని పట్టుకునే చేతుల్లోనే తేడా కనపడుతుంది. పిలకాయలు తాము కత్తిరించిన అక్షరాన్ని కింద పడనివ్వరు.

36 అంగుళాల పన్నా ఉన్న కాటన్ పాప్లిన్ నాలుగు మీటర్లు తీసుకోండి, ముదురు నీలం. అక్షరాలకి తెల్లది రెండు మీటర్లు చాలు. తెల్ల గుడ్డ మీద నీలం అక్షరాల కంటే నీలం మీద తెల్లవే లైట్లలో బాగా తేలతాయి. కత్తెర పెట్టే ముందు నీలం గుడ్డని ఉప్పు నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, రంగు దిగడం ఆగేదాకా జాడించి ఆరేయండి. సీజన్ సాధారణంగా మన వానకాలంలోనే పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో ఎప్పుడు కురుస్తుందో చెప్పలేం. జాడించని నీలం తడిస్తే తెల్ల అక్షరాలు బూడిద రంగుకి తిరిగిపోతాయి.

ఏం రాయాలి? ఊరి పేరు రాయండి. ఇంగ్లండ్ జట్టు ఆడే చోట తెల్ల గుడ్డ మీద ఎర్ర శిలువ ఉన్న జెండాలు చూసే ఉంటారు, వాటి మీద చిన్న చిన్న ఊళ్ల పేర్లు ఉంటాయి. ఆటగాడి పేరు రాస్తే వచ్చే ఏడు అతను వేరే క్లబ్బులో ఉంటాడు. ఊరు ఎక్కడికీ పోదు. తెలుగులోనే రాయండి. చెన్నై స్టాండులో తెలుగు అక్షరాలు కనపడితే మనవాళ్లు ఎక్కడెక్కడివాళ్లో వచ్చి పలకరిస్తారు. సూళ్లూరుపేట వాళ్లు, గూడూరు వాళ్లు, చెన్నైలో ఉద్యోగాలు చేసే ఒంగోలు పిల్లలు మాకు అట్టాగే పరిచయం అయ్యారు.

తెలుగు అక్షరానికి కొలత వేరుగా వేసుకోవాలి. ఇంగ్లీషు లాగా అన్నీ ఒకే గీత మీద నిలబడవు. నెల్లూరు అని రాస్తే లకారం కింద వత్తు దిగుతుంది. గుడ్డ ఎత్తు 36 అంగుళాలు అనుకుంటే పైన మూడు, కింద మూడు మడతకి పోతాయి. మిగిలిన ముప్పైలో అక్షరానికి పదహారు, వత్తుకి ఎనిమిది, పైనా కిందా ఖాళీకి ఆరు. అక్షరం పదహారుకి తగ్గితే ట్రాక్ అవతలి స్టాండు వాళ్లకి అందదు. ఆ స్టేడియంలో మైదానం చుట్టూ పరుగుపందేల ట్రాక్ ఉంది కాబట్టి దూరం ఎక్కువ. పాత దినపత్రికలు అంటించి ముందు కాగితం మీద అక్షరం గీయండి, గోడకి అతికించి వీధి అవతల నుంచి చూడండి. సన్నగా అనిపిస్తే లావు చేయండి, నాలుగు వేళ్ల వెడల్పుకి తగ్గకుండా.

తర్వాత కాగితాన్ని తెల్ల గుడ్డ మీద పెట్టి, చాక్‌తో గీసి, చుట్టూ అర అంగుళం వదిలి కత్తిరించండి. లకారంలో, రుకారంలో లోపలి ఖాళీలు ఇప్పుడే కోయొద్దు, కోస్తే అక్షరం సాగి వంకరపోతుంది. నీలం గుడ్డ మీద పిన్నులు పెట్టి, కచ్చాకుట్టు వేసి, గీత మీద జిగ్‌జాగ్ దగ్గర దగ్గరగా పోనీయండి. లోపలి గుండ్రాల చుట్టూ కూడా కుట్టాకే చిన్న కత్తెరతో మధ్యలో గుడ్డ తీసేయండి. కుట్టేటప్పుడు గుడ్డ ముడతలు పడుతుంటే అడుగున కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి. మొదటి అక్షరం గంట పట్టినా, రెండోది తొందరగానే అవుతుంది.

కట్టడానికి కర్రలు, రింగులు ఏవీ వద్దు. పై అంచుకి రెండడుగులకి ఒకటి చొప్పున అదే గుడ్డతో నాడాలు కుట్టండి. కర్ర లేదు కాబట్టి గేటు దగ్గర వాదన ఉండదు, రెయిలింగ్‌కి రెండు నిమిషాల్లో కట్టేయొచ్చు. వెనక వరసల వాళ్లకి ఆట అడ్డం రాకుండా కిందికి వేలాడదీయండి. ఎత్తి పట్టుకోవాలనుంటే జట్లు లోపలికొచ్చేటప్పుడు, గోల్ పడ్డప్పుడు చాలు. షాపులో అక్షరాలు పరిచినప్పుడు బ్లౌజులకి వచ్చినవాళ్లు అడుగుతుంటారు, "ఏందక్కా, ఇంత పెద్ద జెండా, ఏ పార్టీది?" అని. "పార్టీది కాదమ్మా, ఫుట్‌బాల్‌ది, మీ పిల్లోణ్ని కూడా పంపు" అంటాను. పంపినవాళ్లూ ఉన్నారు.

లోపలికి కనీసం గంట ముందు పోండి. మైదానానికి వీపు పెట్టి, మనవైపు తిరిగి, మెగాఫోన్‌తో పాట ఎత్తుకునే మనిషి ఒకరుంటారు. మనందరి కోసం ఆట చూడ్డం వదులుకున్న మనిషి. ఆయన్నే అనుసరించండి, మన సొంత పాట మధ్యలో ఎత్తుకోవద్దు. అరుపులన్నీ చాలావరకు తమిళంలో ఉంటాయి. నెల్లూరు వాళ్లకి అదేం కష్టం కాదు. ఒకటి రెండు వీడియోల్లో ముందే విని, రైల్లో పిలకాయలతో అనిపించండి. మాట రాకపోయినా చప్పట్ల లెక్క రావాలి. డప్పు దెబ్బకి చప్పట్లు వెనకబడితే మొత్తం స్టాండు చెదిరిపోతుంది.

ఎప్పుడు అరవాలో కూడా ఉంది. కార్నర్ వస్తే అందరూ అరుస్తారు. మన మీద గోల్ పడిన తర్వాత రెండు నిమిషాలు స్టేడియం చల్లబడిపోతుంది చూడండి, మన పని అప్పుడే. 2015 ఫైనల్ గోవాలో జరిగింది. 87వ నిమిషంలో చెన్నైయిన్ 2-1తో వెనకబడింది. ఆఖరి నిమిషాల్లో రెండు గోల్స్ వచ్చి 3-2తో కప్పు గెలిచింది. ఆ ఏడు వరదల వల్ల సెమీఫైనల్ సొంత మ్యాచ్ చెన్నైలో జరపలేక పుణేకి మార్చారు. నవంబరు వానలకి మన జిల్లా కూడా మునిగిన ఏడే అది. సొంత మైదానం, సొంత జనం లేకుండా ఆడి గెలిచిన జట్టది. అందుకే ఓడిపోతున్న రోజు ముందే లేచి పోయేవాళ్లని చూస్తే నాకు మనసుకి కష్టంగా ఉంటుంది. 2020-21, 2021-22 సీజన్లలో కరోనా వల్ల లీగ్ మొత్తం గోవాలోనే నడిపారు. చెన్నైలో ఒక్క మ్యాచ్ లేదు. ఐరోపా లీగుల్లో ఖాళీ కుర్చీల ముందు ఆడిస్తూ టీవీలో రికార్డు చేసిన అరుపులు కలిపారు. బంతి అదే, ఆటగాళ్లు వాళ్లే, అయినా చూడబుద్ధి కాలేదు.

పిలకాయలతో పోయేవాళ్లకి ఒక జాగ్రత్త. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో గొడవై, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరోలో జరిగిన తొక్కిసలాట 97 మందిని బలితీసుకుంది. కాబట్టి మెట్ల దారిలో నిలబడొద్దు, బ్యానర్ మెట్లకి అడ్డం కట్టొద్దు. మీ వరసకి దగ్గర్లో బయటికి పోయే దారి ఏదో కూర్చోకముందే పిల్లలకి చూపించండి. అయిపోగానే పరిగెత్తకుండా పది నిమిషాలు ఆగండి, బ్యానర్ విప్పి చుట్టుకునే సరికి గేటు ఖాళీ అవుతుంది. ఎదుటి జట్టు వాళ్లని ఆటలో ఎంతైనా ఏడిపించండి, కులం, రంగు, ఆడవాళ్లు, అమ్మల జోలికి పోయే మాట మాత్రం మీ వరసలో వినపడితే అక్కడే ఆపించండి. ఆడవాళ్లం ఎక్కువమందిమి పోతే ఈ మాటలు తగ్గడం నేను చూశాను.

మ్యాచ్ రోజు అయ్యాక కూడా క్లబ్బుతో మాట్లాడుతూ ఉండాలి. మనం డబ్బులిచ్చి పోయే జనం మాత్రమే అని వాళ్లు అనుకోకూడదు, మనమూ అనుకోకూడదు. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ క్లబ్బు కొత్త స్టాండులో టికెట్ 77 పౌండ్లు చేస్తామంటే, సండర్లాండ్‌తో మ్యాచ్ 77వ నిమిషంలో వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి జట్టు 2-0తో గెలుస్తోంది, చివరికి 2-2 అయింది. కొన్ని రోజులకే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలనే నియమం ఉంది. 2024లో లీగ్ బయటి పెట్టుబడి తేబోతే అభిమానులు మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి ఆటలు ఆపించారు, ఫిబ్రవరిలో లీగ్ ఆ ప్రయత్నం మానుకుంది. మనకి ఓట్లు లేవు కానీ నోరుంది. ఆడవాళ్ల టాయ్‌లెట్లు, తాగునీళ్లు, పిల్లల టికెట్ ధర, మ్యాచ్ ముగిసే వేళ: ఇవి నాలుగు లైన్లలో రాసి, అభిమాన గుంపు పేరుతో కలిపి పంపండి. ఒక్కరు రాస్తే ఫిర్యాదు అంటారు, గుంపుగా రాస్తే జవాబు ఇస్తారు.

ప్రతిసారీ చెన్నై పోలేం కదా. ఊళ్లో కలిసి చూడ్డం కూడా ఒక పద్ధతిగా చేయొచ్చు. ఇంగ్లండ్ శనివారం మ్యాచ్‌లు మనకి చలికాలంలో రాత్రి 8:30కి, ఎండాకాలంలో 7:30కి వస్తాయి, అవి కుటుంబాలతో చూడ్డానికి బాగుంటాయి. చాంపియన్స్ లీగ్ (ఐరోపా క్లబ్బుల పోటీ) చాలావరకు అర్ధరాత్రి దాటాక కాబట్టి చదువుకునే పిల్లల్ని పిలవొద్దు, చుట్టుపక్కల ఇళ్లకి ముందే చెప్పండి. టీవీ పెద్దదిగా ఉండటం కంటే కుర్చీలు దగ్గరగా ఉండటం ముఖ్యం. ఆట మధ్యలో ఫోన్లో స్కోర్లు చూసేవాళ్లుంటే, వాళ్లకి గోల్ టీవీలో రాకముందే తెలిసిపోతుంది, అందుకని ఫోన్లు ఒక బుట్టలో వేయించండి. మ్యాచ్‌ని బట్టి తిండి పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది. కలకత్తాలో మోహన్ బగాన్ గెలిస్తే వాళ్ల ఇళ్లలో రొయ్యలు, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ (మన పులస జాతి చేప) వండుకుంటారు. ఆ రెండు జట్ల మ్యాచ్ రోజు మేము ముందే రొయ్యల వేపుడు, చేపల పులుసు రెండూ చేస్తాం. గెలిచిన పక్షం గిన్నె మొదట తెరుస్తారు, డ్రా అయితే రెండూ ఒకేసారి తెరుస్తారు. కొత్తగా వచ్చిన పిల్లలకి ఏ పక్షమో ముందే చెప్పించండి, ఇక తొంభై నిమిషాలూ ఫోన్ వైపు చూడరు.