ఎండల్లో కారులో ఊరికి బయల్దేరుతున్నారా? ముందు టైరు మీద తారీఖు చూడండి

ఈ మధ్య మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక కుటుంబం బెంగళూరు నుంచి అనంతపురం పెళ్లికి కారులో బయల్దేరింది. పెనుకొండ దాటాక వెనక ఎడమవైపు టైరు పేలింది. కారు అడ్డంగా జారుకుంటూ వెళ్లి డివైడర్‌కు కొట్టుకుంది. వెనక సీట్లో వాళ్లతో సహా అందరూ బెల్టులు పెట్టుకున్నారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. పెద్దావిడకు మాత్రం భుజం ఎముక విరిగింది. తర్వాత ఆ కారును చూసినవాళ్లంతా ఒకటే మాట: "మిగతా మూడు టైర్లూ కొత్తవాటిలా ఉన్నాయి కదండీ, గీతలు కూడా ఇంకా లోతుగానే ఉన్నాయి, మరి ఎలా పేలింది?"

గీతలు లోతుగా ఉన్న మాట నిజమే. ఆ కారు ముప్పై వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. కానీ టైరు మీద అచ్చు వేసిన అంకెలు 2417. అంటే అది 2017లో 24వ వారం తయారైన టైరు. ఇంట్లో ఎవరూ ఆ అంకెలను ఎప్పుడూ చూడలేదు.

సీటు బెల్టు, స్పీడు, నిద్రమత్తు గురించి అందరికీ తెలుసు, మళ్లీ చెప్పను. నేను చెప్పేది టైర్ల గురించి, అందులోనూ ముఖ్యంగా ఒక్క తప్పు గురించి. గీతలు చూసి టైరు బాగుందనుకోవడం, తారీఖు చూడకపోవడం. బెంగళూరులో ఉండే మనవాళ్లలో చదువుకున్నవాళ్లు, జాగ్రత్తపరులు, సర్వీసు ఒక్క నెల కూడా ఆలస్యం చేయనివాళ్లు కూడా ఇదే తప్పు చేస్తున్నారు.

టైరుకు వయసు ఎందుకు ముఖ్యం

టైరును మనం కిలోమీటర్లతో కొలుస్తాం. నలభై వేలు తిరిగితే మార్చాలని మెకానిక్ చెబుతాడు. రోజూ తిరిగే ట్యాక్సీకి ఆ లెక్క సరిపోతుంది, ఎందుకంటే దాని రబ్బరు ముసలిదయ్యేలోపే అరిగిపోతుంది. మన కార్ల సంగతి వేరు. వారమంతా ఆఫీసు క్యాబో, మెట్రోనో, ఇంటి నుంచి పనో. కారు బేస్‌మెంట్‌లో నిలబడి ఉంటుంది. ఆదివారం మార్కెట్‌కి, ఏడాదికి రెండుమూడుసార్లు ఊరికి. ఇలాంటి కారుకు టైరు అరగడానికి ముందే రబ్బరు చచ్చిపోతుంది. డెస్కులో ఏళ్ల తరబడి పడి ఉన్న రబ్బరు బ్యాండును సాగదీస్తే పుటుక్కున తెగుతుంది చూడండి, అలా.

కదలకుండా నిలబడి ఉంటే టైరుకు విశ్రాంతి అనుకుంటారు. అది తప్పు. ఓజోన్ వల్ల, గాలిలోని ఆక్సిజన్ వల్ల రబ్బరు పాడవకుండా టైరు తయారీలో కొన్ని మైనాల్లాంటి పదార్థాలు కలుపుతారు. టైరు తిరిగి, వంగి, సాగుతున్నప్పుడే అవి లోపలి నుంచి పైకి వచ్చి పొరలా కాపాడతాయి. నిలబడి ఉన్న టైరుకు ఆ కాపలా తగ్గుతుంది. పైగా లోపల ఉక్కు తీగల బెల్టుకూ రబ్బరుకూ మధ్య ఉన్న పట్టు ఏళ్లు గడిచేకొద్దీ సడలిపోతుంది. అది బయటికి కనబడదు. ఊళ్లో నలభై స్పీడులో తిరిగినన్నాళ్లూ ఏమీ కాదు. మే నెల మధ్యాహ్నం, ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, నూరు స్పీడు, రెండు గంటలు ఆగకుండా పరుగు. అప్పుడు టైరు వేడెక్కి పై పొర ఊడిపోతుంది, లేదా ఒక్కసారిగా పేలుతుంది.

బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి ఎండను చూసి అక్కడి ఎండను అంచనా వేయలేం. బాగేపల్లి దాటి కిందికి దిగేకొద్దీ ఎండ మారుతుంది. అనంతపురం, గుత్తి, కర్నూలు వైపు మేలో నలభై డిగ్రీలు దాటడం మామూలే. రోడ్డు అంతకన్నా ఎక్కువ కాగుతుంది.

తారీఖు ఎక్కడుంటుంది

చాలా టైర్ల పక్కభాగం మీద డీఓటీ (DOT) అనే అక్షరాలతో మొదలై ఒక వరుస కనిపిస్తుంది. దాని చివర నాలుగు అంకెలుంటాయి, చాలాసార్లు వాటి చుట్టూ చిన్న కోడిగుడ్డు ఆకారపు గీత ఉంటుంది. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 0824 అంటే 2024లో ఎనిమిదో వారం. తడిగుడ్డతో దుమ్ము తుడిచి ఫోన్ టార్చి పక్కనుంచి వేసి చూడండి, అంకెలు నీడతో తేలతాయి. బయటివైపు కనబడకపోతే అది లోపలివైపు ఉన్నట్టే, ఎందుకంటే పూర్తి కోడ్ ఒక పక్కనే వేసే టైర్లు చాలా ఉన్నాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైర్లకు లోపలివైపు కనిపిస్తుంది. వెనకవాటికి కిందికి వంగి ఫోన్‌తో ఫోటో తీయండి. బద్ధకించొద్దు.

ఐదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించాలని, పదేళ్లు దాటితే గీతలు ఎంత ఉన్నా తీసేయాలని టైరు కంపెనీలు చెబుతాయి. ఆరేళ్లకే మార్చమనే కార్ల కంపెనీలు కూడా ఉన్నాయి. నా మాట: మన ఎండలకు, మన లోడుకు ఆరేళ్లు దాటిన టైరుతో హైవే ఎక్కొద్దు. పక్కభాగంలో సన్నని పగుళ్లు, చిన్న ఉబ్బు కనిపిస్తే ఆరేళ్ల దాకా కూడా ఆగొద్దు.

స్టెప్నీ కూడా చూడండి. కారు కొన్న రోజు నుంచి డిక్కీలోనే ఉంది కాబట్టి కొత్తదని అనుకుంటాం. దాని వయసు కూడా కారు వయసే. చాలామంది నాలుగు కొత్త టైర్లు వేయించి ఎనిమిదేళ్ల స్టెప్నీని అలాగే ఉంచేస్తారు. పంక్చరైన రోజు ఆ ముసలి టైరు మీదే మిగతా మూడొందల కిలోమీటర్లు నడుపుతారు.

కొనేటప్పుడు

బెంగళూరులో కారు సామాన్లు అమ్మే జేసీ రోడ్డుకు వెళ్లినా, ఇంటి దగ్గర షోరూముకు వెళ్లినా, ఆన్‌లైన్‌లో బుక్ చేసినా, బేరం కన్నా ముందు అడగాల్సింది ఒక్కటే: "తయారీ ఎప్పటిది?" ఫోన్‌లోనే అడగండి. "కొత్త స్టాకే సార్" అన్నది జవాబు కాదు, నాలుగంకెలు చెప్పమనండి. ఆరు నెలల లోపుదైతే హాయి. ఏడాది దాటితే వద్దనండి. రెండేళ్లు గోదాములో ఉన్నదాన్ని పదిహేను శాతం తగ్గించి ఇస్తే అది లాభం కాదు, మీరు వాడుకోవాల్సిన ఏళ్లలో రెండు వాళ్లు ముందే తీసేసుకున్నట్టు.

నాలుగు టైర్లకూ విడివిడిగా తారీఖు చూడండి. మూడు కొత్తవి, ఒకటి పాతది కలిసి రావచ్చు. రిమ్ముకు ఎక్కించకముందే చూడాలి. ఎక్కించాక ఏ షాపువాడూ వెనక్కి తీసుకోడు. ఐఎస్ఐ గుర్తు ఉండాలి. బిల్లు మీద టైరు సీరియల్ నంబర్లు రాయించుకోండి.

తర్వాత సైజు. 185/65 ఆర్15 88హెచ్ అని రాసి ఉందనుకుందాం. చాలామంది ఆర్15 దగ్గరే చదవడం ఆపేస్తారు. ఆ చివరి 88 అనేది టైరు మోయగల బరువు. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు, 84 అంటే 500 కిలోలు. హెచ్ అంటే గరిష్ఠంగా 210 వేగం దాకా తట్టుకోగలదని. సైజు సరిపోయినా ఆ బరువు అంకె తగ్గిందంటే ఆ టైరు మీ బండికి తగినది కాదు. ముఖ్యంగా ఏడు సీట్ల బళ్లలో అమ్మానాన్న, పిల్లలు, బియ్యం మూట, పచ్చడి జాడీలు అన్నీ ఎక్కుతాయి. కంపెనీ ఇచ్చిన అంకె కన్నా తక్కువది ఎవరు ఎంత నచ్చజెప్పినా ఒప్పుకోవద్దు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ట్రావెల్ ట్రైలర్, అంటే చక్రాల మీద చిన్న ఇల్లులాంటి బండి, కొనుక్కుని కారు వెనక తగిలించుకుని తిరుగుతున్నారు. వాళ్లకు ఈ వ్యాసం పంపండి, ఎందుకంటే ఏడాదిలో పది నెలలు నిలబడే బండి అదే. గీతలు అరగకుండా వయసుతో చచ్చే టైర్లకు అంతకు మించిన ఉదాహరణ లేదు. ట్రైలర్‌కు ఎస్‌టీ (ST) అని అచ్చు వేసిన టైర్లు వేరే ఉంటాయి, వాటిని కారుకు వాడకూడదు. ఒకే సైజులో సీ, డీ, ఈ (C, D, E) అని లోడు రకాలుంటాయి, అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ టైరు బరువు ఎక్కువ మోస్తుంది. పాతదానికన్నా తక్కువ అక్షరం వేయించకూడదు. వేగపు అక్షరం లేని ఎస్‌టీ టైర్లకు సాధారణంగా గంటకు 65 మైళ్లే పరిమితి, అక్షరం ఉంటే దాన్ని చూసి నడపాలి. సామాను నింపాక ట్రైలర్‌ను ఒకసారి కాటా మీద తూయించుకోవాలి. వాళ్లకు కూడా మొదటి ప్రశ్న అదే: తారీఖు ఎంత?

గాలి

"ఎండాకాలం కదా, గాలి నాలుగు పాయింట్లు తగ్గించి కొట్టించు, లేకపోతే పేలుతుంది" అని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. దయచేసి వినొద్దు. గాలి తక్కువైతే తిరిగిన ప్రతిసారీ టైరు పక్కభాగం ఎక్కువగా మడతపడుతుంది, ఆ మడతతోనే వేడి పుడుతుంది. పేలేది ఎక్కువగా అలాంటి టైరే. వేడికి గాలి నాలుగైదు పాయింట్లు పెరగడం మామూలు. కంపెనీ చెప్పిన అంకె ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకున్నదే. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపల ఉంటుంది. అందులో ఫుల్ లోడుకు వేరే అంకె ఉంటే ఊరికి వెళ్లే రోజు అదే పెట్టించాలి. కారు నడిపించకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. దారిలో వేడి టైరు నుంచి గాలి తీసేయొద్దు, ఎవరు చెప్పినా సరే. నైట్రోజన్ గురించి టెన్షన్ పడొద్దు. మామూలు గాలే అయినా లెక్క సరిగ్గా ఉంటే చాలు.

ఇక వరుసగా చెప్పేస్తాను, రాసుకోండి.

సెకండ్ హ్యాండ్ టైరు కొనొద్దు. పాత టైరుకు గీతలు మళ్లీ కోసి, నల్ల పాలిష్ కొట్టి అమ్ముతారు. పాలిష్ కింద పగుళ్లు ఉంటాయి.

రీట్రెడ్ టైరు, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పొర అతికించినది, కారుకు వద్దు.

టైరు గీతల మధ్య అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి. రబ్బరు ఆ మట్టానికి అరిగితే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. చట్టం ప్రకారం అదే చివరి హద్దు. వానాకాలం ముందు అంతదాకా ఆగొద్దు.

రెండే కొత్తవి కొంటే వెనక వేయించండి. ముందు వేయాలని షాపువాళ్లు పట్టుపడతారు. వెనక పట్టు తప్పితే కారు గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవరు దాన్ని అదుపు చేయలేడు.

కొత్త టైరు వేసినప్పుడల్లా రబ్బరు వాల్వు మార్పించండి. దాని ఖర్చు కాఫీ ఖర్చు కన్నా పెద్దగా ఎక్కువ కాదు.

పక్కభాగంలో పంక్చరైతే అతుకు వేయించొద్దు. టైరు మార్చండి.

పుల్ల పెట్టి పూడ్చిన పంక్చరుతో అయిదొందల కిలోమీటర్ల ప్రయాణం పెట్టుకోవద్దు. లోపలినుంచి ప్యాచ్ వేయించుకుని బయల్దేరండి.

గుంతలో గట్టిగా పడ్డాక టైరు పక్క బుడగలా ఉబ్బితే ఆ రోజే ఆపేయండి. బెంగళూరు రోడ్ల మీద ఇది రోజూ జరిగేదే. లోపల తీగలు తెగాయని దాని అర్థం.

అందం కోసం సైజు పెంచొద్దు.

బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అదే రోజు చేయించండి. కొత్త టైర్లతో మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడపండి.

టైర్లు మార్చిన మర్నాడే ఊరికి బయల్దేరొద్దు. వారం ముందే మార్చండి. నట్లు ఒకసారి మళ్లీ బిగింపించండి.

జాకీ, వీల్ స్పానర్, రిఫ్లెక్టర్ ట్రయాంగిల్ డిక్కీలో అడుగున కాకుండా పైన ఉండాలి. బియ్యం మూట కింద ఉన్న జాకీ పనికిరాదు.

సన్నటి స్టెప్నీ అయితే దాని మీద రాసిన వేగం దాటొద్దు, సాధారణంగా ఎనభై. పంక్చర్ షాపు కనబడగానే మార్చేయండి.

టైరు పేలితే బ్రేకు తొక్కొద్దు. స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నేరుగా ఉంచండి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీయండి, వేగం తగ్గాకే ఎడమకు తీసుకోండి. ఇది ఇంట్లో కారు నడిపే ప్రతివాళ్లకూ చెప్పండి, కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్లలకు మరీ ముఖ్యంగా.

బండి పక్కకు ఆపాక పిల్లల్ని దించి రెయిలింగు అవతల నిలబెట్టండి. టైరు మార్చే మనిషి రోడ్డువైపు వీపు పెట్టి కూర్చోవద్దు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు ప్రయాణం మానగలిగితే మానండి. గంటన్నరకోసారి ఆగి, చక్రాల చుట్టూ ఒక చుట్టు తిరిగి రండి. ఒక టైరు మిగతా మూడింటికన్నా బాగా కాలుతుంటే దానిలో గాలి తక్కువ ఉందని అనుమానించండి.

ఇప్పుడే కిందికి దిగి, తడిగుడ్డ, ఫోన్ తీసుకుని, అయిదు టైర్ల తారీఖులూ చూసి రాసుకోండి. ఆరేళ్లు దాటినవి ఏవైనా ఉంటే రేపే షాపుకు ఫోన్ చేసి, మొదట తయారీ అంకెలే అడగండి.