నవలలో సంకేతాలు చదవడం – 4: బూడిదలోంచి లేచింది ఎవరు?

పోయిన పాఠంలో రే బ్రాడ్‌బరీ 'ఫారెన్‌హీట్ 451' (1953) ఇచ్చి, ఫీనిక్స్ కనిపించిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టమన్నాను. గీతలు తక్కువే వచ్చుంటాయి. కంగారు పడకండి, ఈ నవలలో ఆ పక్షి ఎక్కువసార్లు కనపడదు.

మొదటి గీత కథ మొదట్లోనే పడాలి. పుస్తకాలు తగలబెట్టడమే ఉద్యోగంగా ఉన్న ఫైర్‌మన్ మోంటాగ్‌కి, పక్కింటి అమ్మాయి క్లారిస్ ఎదురవుతుంది. అతని చేతి మీద సాలమాండర్ (బల్లిలాంటి ప్రాణి) గుర్తు, ఛాతీ మీద ఫీనిక్స్ బిళ్ళ ఉంటాయి. సాలమాండర్ నిప్పులో కూడా కాలదని యూరప్‌లో పాత నమ్మకం. ఫీనిక్స్ అయితే కాలి బూడిదై మళ్ళీ పుడుతుంది. ఒకే యూనిఫాం మీద రెండూ! మోంటాగ్ మొదటిదాన్ననుకుంటున్నాడు, రెండోది కాబోతున్నాడు.

ఇక్కడే చాలామంది నోట్సులో 'ఫీనిక్స్ = పునర్జన్మ' అని రాసి పుస్తకం మూసేస్తారు. ఆ సమానం గుర్తు కొట్టేయండి. మన పేపర్లు ఓడి గెలిచిన ప్రతి క్రికెట్ టీమునీ ఫీనిక్స్‌ని చేసి ఆ మాటను అరగదీశాయి. మనం అడగాల్సింది వేరు: ఈ నవలలో మళ్ళీ పుట్టడమంటే ఏమిటి?

దానికి ఫీనిక్స్ లేని పేజీకి వెళ్దాం. అదే రాత్రి మోంటాగ్ భార్య మిల్డ్రెడ్ నిద్రమాత్రలు మింగి పడి ఉంటుంది. ఇద్దరు మనుషులు యంత్రాలతో వచ్చి కడుపు కడిగేసి, ఒంట్లో రక్తమంతా మార్చేసి పోతారు. మన ఇళ్ళలో అయితే 'పునర్జన్మ ఎత్తింది తల్లీ' అంటారు. తెల్లారేసరికి ఆమె ఆకలేస్తోందంటూ లేస్తుంది. రాత్రి జరిగింది ఏదీ గుర్తుండదు, చెప్పినా నమ్మదు. రక్తం కొత్తది, బతుకు పాతదే. నా లెక్కలో నవలకు తాళంచెవి ఇదే సీను. పరీక్షల గైడ్లు దీన్ని మిల్డ్రెడ్ టెన్షన్ కింద రాసి దాటేస్తాయి.

దీని పక్కన, తానే పుస్తకాలు దాచుకుని పట్టుబడి పారిపోతున్న మోంటాగ్ ఏరు దిగిన పేజీ పెట్టి చూడండి. వెనక వేటకుక్క యంత్రం తరుముతుంటే, అతను బట్టలు విప్పి నీళ్ళలో వదిలేసి, అతనికి సాయపడే ముసలి ప్రొఫెసర్ ఫేబర్ ఇచ్చిన పాతబట్టలు వేసుకుంటాడు. ఒడ్డెక్కి కొంతదూరం నడిచాక చలిమంట కనిపిస్తుంది. నిప్పు కాల్చడమే కాదు, వెచ్చదనం కూడా ఇస్తుందని అతనికి అప్పటిదాకా తెలియదు. స్నానం, కొత్తబట్ట, మంట. పునర్జన్మ పూర్తయిందని ఇక్కడ టిక్కు పెట్టాలనిపిస్తుంది. పెట్టొద్దు, ఇంకొకటి మిగిలింది.

మొదటి భాగంలో మోంటాగ్, మిల్డ్రెడ్ తామిద్దరూ మొదట ఎక్కడ కలుసుకున్నారో గుర్తు తెచ్చుకోలేకపోతారు. చివర్లో నగరం మీద బాంబులు పడి అంతా బూడిదవుతున్నప్పుడు, నేలకు కరుచుకుని పడుకున్న మోంటాగ్‌కి ఠక్కున వెలుగుతుంది: షికాగో! ఆ తర్వాత బైబిల్‌లోని ప్రసంగి గ్రంథం వాక్యాలు కూడా ఒక్కొక్కటే వస్తాయి. భార్య పోయింది, జ్ఞాపకం వచ్చింది.

అప్పుడు పడుతుంది చివరి గీత. పుస్తకాలను కంఠస్థం చేసి మోస్తున్న గుంపులోని గ్రేంజర్ ఫీనిక్స్ కథ చెబుతూ, అది మనిషికి దగ్గర చుట్టం అంటాడు. అయితే దానికి లేనిది మనకొకటి ఉంది: చేసిన తెలివితక్కువ పని మనకు గుర్తుంటుంది. ఇప్పుడు మిల్డ్రెడ్ పేజీకి వెనక్కి వెళ్ళి, అంచున ఒక్క మాట రాసుకోండి: మరుపు.

వచ్చే పాఠానికి పని: ఇదే పద్ధతిలో అద్దాన్ని పట్టుకోండి. క్లారిస్ ముఖం దగ్గర మొదలుపెట్టి, ఆఖరి పేజీల్లో గ్రేంజర్ కట్టాలన్న అద్దాల ఫ్యాక్టరీ దాకా రండి. అద్దం అంటే ఏమిటో రాయొద్దు. అది ప్రతిచోటా ఏం చేస్తోందో ఒక్కో క్రియాపదం రాయండి, చాలు.