ముందు తీసివేత, ఆ తర్వాతే కూడిక: పాత సీబీఆర్ 250ఆర్‌కు ఇంట్లో సేవ

నా బండి 2011 మోడల్ హోండా సీబీఆర్ 250ఆర్. 2016లో కాకినాడలో ఒకాయన దగ్గర కొన్నప్పుడు మీటరు 23,000 కిలోమీటర్లు చూపించింది, ఇప్పుడు 61,000 దాటింది. రాజమహేంద్రవరంలో మా ఇంటి పోర్టికోయే దానికి షెడ్డు. నేను మెకానిక్‌ను కాను. విద్యుత్ శాఖలో ఉద్యోగం, అందుకే తీగలంటే భయం లేదు. ఇనుముతోనే పరిచయం ఆలస్యంగా కలిగింది. మారేడుమిల్లి ఘాట్ మీదుగా చింతూరు వరకు వెళ్ళి సాయంత్రానికి నడుం నొప్పి లేకుండా ఇంటికి చేర్చే బండి ఇది. దీన్ని అమ్మే ఉద్దేశం లేదు కాబట్టే పని నేర్చుకున్నాను.

కొన్న రోజున దానికి ఏమేం తగిలించి ఉన్నాయో చెబితే నవ్వుతారు. వీధి చివరి నుంచే వినిపించే సైలెన్సరు, కంపెనీ తీగను కోసి అతికించిన రెండు లారీ హారన్లు, చక్రాలకు నీలం లైట్లు. హ్యాండిల్ మాత్రం తిప్పితే మధ్యలో టక్కుమని ఆగేది, చైను ఊయలలా వేలాడేది. నేను మొదటి నెలంతా తీసివేతలే చేశాను. పాత బండి చేతికి వచ్చినవారికి నా మొదటి సలహా ఇదే: ఏమీ కొనకండి. కంపెనీ ఎలా పంపిందో ముందు ఆ స్థితికి తీసుకురండి. అలంకారాల సంగతి ఆ తర్వాత చూద్దాం.

దీనికి చట్టపరమైన కారణం కూడా ఉంది. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళే. ఆ తర్వాత బండిని చూపించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. 2011 బండికి ఆ గడువు 2026. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. అందువల్ల నేను పెట్టుకున్న నియమం ఒకటుంది: ఏది తగిలించినా అరగంటలో విప్పగలగాలి, విప్పాక బండి మీద ఒక్క కోత, ఒక్క కొత్త రంధ్రం కనిపించకూడదు.

పనిముట్లలో రెండింటికి డబ్బు పెట్టండి: వెనక చక్రాన్ని ఎత్తే పాడాక్ స్టాండు, బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచి. ఈ బండికి సెంటర్ స్టాండు లేదు, కనుక స్టాండు లేకపోతే చైను పని నరకం. టార్క్ రెంచి ఎందుకో చెబుతాను. నా మొదటి ఆయిల్ మార్పులో డ్రెయిన్ బోల్టుతోపాటు అల్యూమినియం మర కూడా తీగలా చుట్టుకుని బయటికొచ్చింది. అంతకుముందు ఎవరో కాలితో తొక్కి బిగించారన్నమాట. లేత్ మిషన్ నడిపే ఒక పెద్దాయన హెలికాయిల్ అనే తీగచుట్ట మరను లోపల వేసి కాపాడారు. ఇనుప బోల్టు, అల్యూమినియం కేసు కలిసిన చోట ఓడిపోయేది ఎప్పుడూ కేసే. మాన్యువల్‌లో ఆ బోల్టుకు ఎంత బిగువు రాసి ఉందో అంతే, దాని కింది వాషరు ప్రతిసారీ కొత్తదే.

ఫిల్టరుతో కలిపి మారిస్తే ఒకటిన్నర లీటరు ఆయిల్ పడుతుంది. గ్రేడు 10డబ్ల్యూ-30, డబ్బా మీద ఎంఏ అనే గుర్తు తప్పనిసరి. క్లచ్చి కూడా ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది కాబట్టి కారు ఆయిల్ పోస్తే జారుతుంది. కాగితపు ఫిల్టరు మీద బయటివైపు ఏదో తెలిపే గుర్తు ఉంటుంది, దాన్ని చూసి పెట్టండి. తలకిందులుగా పెట్టినా మూత పడుతుంది, అదే ప్రమాదం.

ఇక ఫెయిరింగ్, అంటే బండిని కప్పే తొడుగు. ఇంట్లో పని చేసేవారిని ఏడిపించేది ఇంజిన్ కాదు, ఈ ప్లాస్టిక్కే. పద్నాలుగు ఎండాకాలాలు చూసిన ప్లాస్టిక్ అప్పడంలాంటిది. క్లిప్పుల నడిబొడ్డును సన్నని స్క్రూడ్రైవరుతో లోపలికి నొక్కితే అవి వదులుతాయి. పైకి లాగితే విరుగుతాయి. డిసెంబరు ఉదయాల్లో ఈ పని పెట్టుకోకండి, కాస్త ఎండ తగిలి ప్లాస్టిక్ మెత్తబడ్డాక మొదలుపెట్టండి. ఒక అట్టముక్క మీద ఫెయిరింగ్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి. పొడవు స్క్రూ పొట్టిదాని చోట దూరితే లోపలున్న దేన్నో పొడుస్తుంది. మా అమ్మాయి ఐదో తరగతిలో గీసిపెట్టిన అట్ట ఇప్పటికీ వాడుతున్నాను, మీద పువ్వుల బొమ్మలు కూడా ఉన్నాయి.

చైను సంగతి త్వరగా చెప్పేస్తాను. 520 సైజు, ముందు పళ్ళు 14, వెనక 38. కింది వరసను మధ్యలో వేలితో ఎత్తిదించితే 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవండి, ఎక్కడ అత్యంత బిగువుగా ఉందో అక్కడే ఈ లెక్క సరిపోవాలి. కిరోసిన్‌తో కడిగి, తుడిచి, 90 గ్రేడు గేరు ఆయిల్ పలచగా రాస్తాను. పెట్రోలు మాత్రం వద్దు, లింకుల మధ్యనున్న రబ్బరు రింగులను అది తినేస్తుంది. ఇంజిన్ నడుపుతూ చైను తుడిచేవారిని చూశాను. వేలు స్ప్రాకెట్‌లోకి వెళ్ళడానికి కనురెప్పపాటు చాలు. చక్రాన్ని చేత్తోనే తిప్పండి.

రేడియేటరులో బోరు నీళ్ళు పోయకండి. నా ముందు యజమాని పోసిన నీళ్ళ తాలూకు తెల్లటి పొర మూత చుట్టూ ఉప్పుమడిలా కనిపించింది. కలిపి అమ్మే కూలెంటు కొని రెండేళ్ళకోసారి మార్చండి, బ్రేకు ద్రవం కూడా అప్పుడే. ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మా గోదావరి గాలిలో తేమకు కొదవ లేదు. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగాలి కాబట్టి చెంబు పక్కనే ఉంచుకోండి.

వాల్వుల క్లియరెన్సు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సన్నని ఖాళీ, దగ్గర చాలామంది వెనక్కి తగ్గుతారు. ఈ ఇంజిన్ విషయంలో అంత భయం అక్కరలేదు. వాల్వులను తెరిచే కామ్‌షాఫ్టులు తీయకుండానే, మధ్యనున్న రాకర్ చేతులను పక్కకు జరిపి కింది షిమ్ము (ఆ ఖాళీని సరిచేసే చిన్న లోహపు బిళ్ళ) మార్చుకునే వీలు ఇచ్చారు. ఇన్‌టేక్ 0.16, ఎగ్జాస్ట్ 0.27 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 0.03 తేడా పర్వాలేదు. ఇంజిన్ 35 డిగ్రీల లోపు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. మే నెలలో మా ఊళ్ళో మధ్యాహ్నం బండిని ముట్టుకోకపోయినా అది 35 దాటే ఉంటుంది. అందుకే రాత్రంతా ఉంచి తెల్లవారుజామున ఐదింటికి ఫీలర్ గేజ్, అంటే ఖాళీని కొలిచే సన్నని రేకులు, పట్టుకుంటాను. రేకు రెండు వైపులా కాస్త పట్టీపట్టనట్టు జారాలి. కొలతలన్నీ పుస్తకంలో రాయండి. ఒక ఎగ్జాస్ట్ వాల్వు ఏటేటా బిగుస్తూ పోతోందని నాకు తెలిసింది శబ్దం వల్ల కాదు, ఆ అంకెల వల్ల.

ఇప్పుడు హ్యాండిల్ మధ్యలో టక్కుమన్న సంగతికి వద్దాం. హ్యాండిల్ తిరిగేచోట ఫ్రేము మెడలో ఉండే బేరింగులను కోన్‌సెట్ అంటాం. గతుకుల రోడ్ల మీద ఏళ్ళ తరబడి దెబ్బలు తింటూ లోపలి గుండ్లు తమ గిన్నెల్లో గుంటలు చేసుకుంటాయి. ముందు చక్రం గాలిలోకి లేపి హ్యాండిల్‌ను రెండు వేళ్ళతో తిప్పండి. తిన్నగా ఉన్నచోట గూట్లో పడినట్టు ఆగితే అది పోయినట్టే. ఎంత బిగించినా, ఎంత గ్రీజు పెట్టినా దాచడమే తప్ప బాగుచేయడం కాదు.

ముందు భాగాన్ని ఎత్తడం ఇంట్లో పెద్ద చిక్కు, ఎందుకంటే ఇంజిన్ ముందు పొగగొట్టం ఉంది, జాకీ పెట్టే చోటు లేదు. మా పోర్టికో స్లాబులో ఉయ్యాల బల్ల కోసం మా నాన్నగారు వేయించిన ఇనుప కొక్కేలు ఉన్నాయి. ముగ్గురిని ఊపిన కొక్కేలకు బండి సగం బరువు లెక్క కాదు. ఫెయిరింగ్, ట్యాంకు తీసి, వెనక స్టాండు వేసి, ఫ్రేముకు రెండు వైపులా లారీ బెల్టులు కట్టి పైకి లాగాను. ఫ్యాను కొక్కేనికి మాత్రం ఈ సాహసం చేయకండి.

చక్రం, ఫోర్కులు, పై పలక వరసగా తీశాక ఫ్రేము మెడలో తిరిగే కాండం కిందికి జారుతుంది. అప్పుడు గుండ్లు రాలతాయి, కింద పాత దుప్పటి పరచండి. ఫ్రేములో మిగిలిన గిన్నెలను పొడవాటి కడ్డీతో అటొక దెబ్బ, ఇటొక దెబ్బ వేస్తూ దించాలి. ఒకే వైపు కొడితే అడ్డంగా ఇరుక్కుంటుంది. నేను గుండ్లకు బదులు, ఏటవాలు కడ్డీల్లాంటి రోలర్లుండే టేపర్ రోలర్ బేరింగులు వేశాను. నా దృష్టిలో పాత బండికి చేయదగిన మొదటి మార్పు ఇదే, బయటికి ఎవరికీ కనిపించదు, చేతికి మాత్రం తెలుస్తుంది. కొత్త గిన్నెలను ముందురోజు రాత్రి ఫ్రీజరులో పెట్టండి. చల్లదనానికి వెంట్రుకవాసి కుంచించుకుని సులువుగా కూర్చుంటాయి. ఆవకాయకు ఆవపిండి అక్కడే దాచే ఇల్లయితే గ్రీజు కాగితంలో చుట్టినదేమిటో ముందే చెప్పి పెట్టడం మంచిది. నేను చెప్పలేదు. గిన్నెను దించడానికి పాత గిన్నెనే పైన బోర్లించి కొట్టండి, కొత్తదాని ముఖం మీద సుత్తి పడకూడదు.

బిగువు ఎలా తెలుస్తుంది? చక్రం బిగించాక హ్యాండిల్‌ను మధ్యలో నుంచి కొద్దిగా తోస్తే తన బరువుకు తానే చివరి వరకు మెల్లగా వాలాలి. దడాలున పడితే వదులు, మధ్యలో ఆగితే బిగువు. ఫోర్కులు పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే టిక్కు అనే చప్పుడు ఉండకూడదు.

ఇక నా శాఖ పని. రాత్రిపూట లైటు చాలడం లేదని మిత్రులందరూ ఎల్ఈడీ బల్బు వేయమన్నారు. నేను ముందు మల్టీమీటరు పెట్టాను. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, హెడ్‌లైటు బల్బు దగ్గర 11.9. దాదాపు రెండు వోల్టులు సన్నని పాత తీగల్లో, అరిగిన స్విచ్చిలో ఆవిరవుతున్నాయి. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజిలో సుమారు 3.4వ ఘాతంతో మారుతుంది, లెక్క కడితే వెలుగు అరవై శాతానికి పడిపోయింది. బల్బు తప్పేమీ లేదు, దానికి తిండి అందడం లేదు.

మందు రెండు రిలేలు (చిన్న సంకేతంతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చిలు), ఒకటి లో బీమ్‌కు, ఒకటి హై బీమ్‌కు. బ్యాటరీ నుంచి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీకి జానెడు దూరం లోపలే 15 ఆంపియర్ల ఫ్యూజు. బల్బు 60/55 వాట్లది. పాస్ స్విచ్చి నొక్కినప్పుడు రెండు ఫిలమెంట్లూ కలిసి వెలిగితే 8 ఆంపియర్ల పైన లాగుతాయి, అందుకే ఆ లెక్క. ఆ తీగ రిలే 30వ కాలికి, 87 నుంచి బల్బుకు, 85 ఎర్త్‌కు. 86కు మాత్రం పాత హెడ్‌లైటు ప్లగ్గు నుంచే సంకేతం. కంపెనీ తీగ ఒక్కటీ కోయనక్కరలేదు, పాత ప్లగ్గులో దూరే మగ ప్లగ్గు దొరుకుతుంది. హోండా రంగులు గుర్తుపెట్టుకోండి: పచ్చ ఎర్త్, ఎరుపు బ్యాటరీ, తెలుపు లో బీమ్, నీలం హై బీమ్, నలుపు తాళం తిప్పాక కరెంటు వచ్చే తీగ. మా శాఖలో నలుపంటే న్యూట్రల్. ఆ అలవాటు కొద్దీ నలుపును ఎర్త్ అనుకుని ఒక ఫ్యూజు కాల్చుకున్నాను, ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్నవాణ్ణి. ఇప్పుడు బల్బు దగ్గర 13.5 వోల్టులు వస్తున్నాయి. వంద వాట్ల బల్బు జోలికి మాత్రం వెళ్ళకండి, హోల్డరు కరిగిపోతుంది.

తక్కిన మార్పులన్నీ నా ఒంటి కోసమే. సీటు స్పాంజిని ఆటో సీట్లు కుట్టే అతనికి ఇచ్చి తొడల దగ్గర సన్నగా, వెనక గట్టిగా కోయించాను. అసలు సీటు అటక మీద భద్రంగా ఉంది. హ్యాండిల్ కింద దిమ్మలు పెట్టి కొంచెం ఎత్తాను. మీరూ ఎత్తితే స్టాండు మీద ఇంజిన్ నడుపుతూ రెండు వైపులా చివరి వరకు తిప్పి చూడండి. ఇంజిన్ వేగం పెరిగితే యాక్సిలరేటరు కేబుల్ లాగుతోందని అర్థం, వంపులో అది ప్రాణం మీదికి తెస్తుంది. బ్రేకు గొట్టం బిగుసుకున్నా దిమ్మలు తీసేయండి. సామాను సంచులు చక్రానికి తగలకుండా ఒక పైపు చట్రం చేయించాను. బండికి తగిలించి ఉండగా వెల్డింగు చేయనివ్వకండి, ఆ కరెంటు ఇంజిన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెను కాల్చేస్తుంది. కొలతలు తీసుకుని విడిగా చేయించండి.

ఏ పని చేసినా మొదటి ప్రయాణం ఇరవై కిలోమీటర్లు దాటనివ్వను. తిరిగొచ్చాక బోల్టులన్నీ మళ్ళీ టార్క్ రెంచితో చూసి, సరిగ్గా ఉన్నదానికి తెల్ల పెయింటుతో గీత పెడతాను. గీత విరిగితే బోల్టు కదిలినట్టు. కొత్త టేపర్ బేరింగులు మొదటి ఐదారు వందల కిలోమీటర్లలో కాస్త సర్దుకుంటాయి కాబట్టి అప్పుడొకసారి మళ్ళీ బిగించాలి. నా పుస్తకంలో చివరి పేజీలో ఉన్నదదే: 61,400 దగ్గర కోన్‌సెట్, ముందు బెల్టులు వెతకాలి, ఉయ్యాల బల్ల దించాలి.