విశాఖ కర్బన ఉద్గారాలపై డిజిటల్ సాంకేతికత ప్రభావాన్ని లెక్కగట్టే విధానం

యంత్రానికి సెన్సర్లు అమర్చి కృత్రిమ మేధతో నడిపించినంత మాత్రాన కర్బన ఉద్గారాలు తగ్గినట్లు కాదు. ఆదా అయిన విద్యుత్తునూ, ఆ ఆదా కోసం ఖర్చయిన విద్యుత్తునూ ఒకే పద్దులో రాసినప్పుడే అసలు సంగతి తేలుతుంది.

ఏ ఉద్గారాలను లెక్కలోకి తీసుకోవాలో ముందుగా హద్దు గీసుకోవాలి. చాలామంది ఈ పని దాటవేస్తారు గానీ, నా దృష్టిలో లెక్కంతా దీని మీదే నిలుస్తుంది. విశాఖ దగ్గరి 2,000 మెగావాట్ల సింహాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రంలో పుట్టే విద్యుత్తు గ్రిడ్డు ద్వారా ఇతర ప్రాంతాలకూ వెళుతుంది కనుక, ఉత్పత్తి పద్దునూ వినియోగం పద్దునూ కలిపేస్తే ఒకే టన్ను ఉద్గారాన్ని రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. ఏదో ఒకటే ఎంచుకోవాలి.

రొయ్యలు నిల్వచేసే శీతల గిడ్డంగిని ఉదాహరణగా తీసుకుందాం. మే నెల ఉక్కపోతలో కంప్రెసర్లపై పడే భారం జనవరిలో ఉండదు. అందువల్ల నిరుటి అదే నెలతో, టన్ను సరుకుకు ఎన్ని యూనిట్లు పట్టాయో పోల్చాలి. స్మార్ట్ నియంత్రణ వల్ల నెలకు 10,000 యూనిట్లు మిగిలి, సెన్సర్లూ సర్వర్లూ 600 యూనిట్లు వాడుకున్నాయనుకుందాం. నికర ఆదా 9,400 యూనిట్లు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రచురించే గ్రిడ్డు గుణకం (ఒక యూనిట్ విద్యుత్తుకు వెలువడే కార్బన్ డయాక్సైడ్) ఇటీవలి సంవత్సరాల్లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు ఉంది కాబట్టి, నెలకు దాదాపు 6.6 టన్నులు, ఏడాదికి 79 టన్నులు తగ్గుతాయి.

ఇప్పుడు రెండో వైపు చూడాలి. ఏడాది పొడవునా నిరంతరంగా 1 మెగావాట్ వాడే డేటా సెంటర్‌కు 87.6 లక్షల యూనిట్లు కావాలి. అదే గుణకంతో అది సుమారు 6,130 టన్నులు, అంటే అలాంటి 78 గిడ్డంగుల ఏడాది ఆదాకు సమానం. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖకు ప్రకటించిన కేంద్రం గిగావాట్ స్థాయిది. అందుకే అలాంటి కేంద్రాలకు ఏ విద్యుత్తు, ఏ వేళలో అందుతుందన్నది ఈ ప్రాంతపు లెక్కనే మార్చగలదు. పగటి సౌర విద్యుత్తును చూపి రాత్రి వాడకాన్ని కొట్టివేయకూడదు.

ఉక్కు కర్మాగారానికి వేరే కొలమానం అవసరం. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను తొలగించేది కోక్‌లోని (బొగ్గు నుంచి తయారుచేసే ఇంధనంలోని) కర్బనమే కనుక, సాఫ్ట్‌వేర్ కోక్ వృథాను అరికట్టగలదే తప్ప ఆ రసాయన చర్యను మార్చలేదు. అక్కడ విద్యుత్తుతో పాటు టన్ను ఇనుముకు ఎంత కోక్ పట్టిందో కూడా నమోదు చేయాలి.

ఖర్చు తగ్గిందని గిడ్డంగి యజమాని మరో కంప్రెసర్ పెట్టవచ్చు. అందుచేత టన్ను సరుకుకు వచ్చిన మార్పునూ, మొత్తం ఉద్గారాల్లో వచ్చిన మార్పునూ ప్రతి ఏటా పక్కపక్కనే రాయాలి.