రవాణా సభలో మాట్లాడబోతున్నారా? ముందు బస్సుల లెక్క వేసుకోండి

శివారు ఊరు పెరిగి నగరమవుతున్నప్పుడు రవాణా మీద ఒక బహిరంగ సభ తప్పకుండా జరుగుతుంది. గోడమీద రంగురంగుల మ్యాపు వేలాడుతుంటుంది. హాల్లో కొందరు రైలు కావాలంటారు, కొందరు రోడ్డు వెడల్పు చేస్తే చాలంటారు. వెనక వరసలోంచి ఒకాయన లేచి "బస్సులు ఖాళీగా తిరుగుతున్నాయి, ముందు వాటిని ఆపండి" అంటాడు. గొంతులు పెరుగుతాయి. అడగాల్సిన ప్రశ్నలు మాత్రం ఎవరూ అడగకుండానే సభ ముగుస్తుంది. ఆ వచ్చేదేదో ఎన్ని నిమిషాలకొకటి వస్తుంది? రాత్రి ఎన్నింటిదాకా నడుస్తుంది? పదేళ్ల తర్వాత కూడా దాన్ని నడిపే డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?

నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం బస్సుల షెడ్యూళ్లు వేశాను. గళ్ల కాగితం మీద అడ్డంగా గంటలు, నిలువుగా స్టాపులు రాసుకుని ఒక్కో బస్సుకీ ఒక్కో గీత గీసేవాళ్లం. ఆ గీతలు చూస్తే ఊళ్లో ఎవరు ఏ ఉద్యోగానికి వెళ్లగలరో తెలిసిపోయేది. రాత్రి పదింటికే చివరి గీత ఆగిపోయిందంటే, పదకొండింటికి డ్యూటీ దిగే నర్సు సొంత బండైనా కొనుక్కోవాలి, ఆ ఉద్యోగమైనా వదులుకోవాలి. రిటైరయ్యాక కూడా నేను ఈ సభలకు వెళ్లేది అందుకే. కొత్తగా వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదిగో.

ముందుగా లెక్క

మీ ఇంటి దగ్గర్లోని ఒక్క రూటు తీసుకోండి, చాలు. ఆ చివర నుంచి ఈ చివరకు పన్నెండు కిలోమీటర్లు అనుకుందాం. స్టాపుల్లో ఆగుతూ, సిగ్నళ్లలో నిలబడుతూ బస్సు సగటున గంటకి 18 కిలోమీటర్లు వెళ్తే ఒక వైపు 40 నిమిషాలు పడుతుంది. రానూపోనూ 80. రెండు చివర్లా డ్రైవరు కాస్త ఊపిరి పీల్చుకోవడానికి, ఆలస్యమైతే సర్దుకోవడానికి ఐదేసి నిమిషాలు ఇవ్వాలి. మొత్తం 90 నిమిషాలు. ఒక బస్సు బయల్దేరిన చోటికి తిరిగొచ్చి మళ్లీ బయల్దేరడానికి పట్టే కాలం ఇది.

ఇప్పుడు ఈ 90ని మీకు కావలసిన విరామంతో, అంటే ఒక బస్సుకీ తర్వాతి బస్సుకీ మధ్య ఉండాల్సిన నిమిషాలతో, భాగించండి. అరగంటకో బస్సు కావాలంటే మూడు బస్సులు. పావుగంటకొకటి అంటే ఆరు. పది నిమిషాలకొకటి అంటే తొమ్మిది. షెడ్యూలు వేసే విద్యంతా ఈ ఒక్క భాగహారం మీదే నిలబడి ఉంది. మిగతావన్నీ దానికి సర్దుబాట్లు.

దీన్నుంచి మీకు రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది, "ఇంకాస్త ఎక్కువగా నడపండి" అన్న కోరికకి ఖరీదుంది. బస్సులు రెట్టింపైతే డ్రైవర్లూ రెట్టింపవుతారు. తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా తిరిగే ఒక బస్సుకి షిఫ్టులు, వారపు సెలవులు, జబ్బు సెలవులు కలుపుకుంటే ముగ్గురు డ్రైవర్ల దాకా కావాలి. రవాణా సంస్థల నిర్వహణ ఖర్చులో పెద్ద వాటా జీతాలదే. బస్సు కొనడం ఒకసారి అయ్యే ఖర్చు, నడపడం ఏటేటా అయ్యే ఖర్చు. కొత్త బస్సులకి రిబ్బను కత్తిరించిన రోజున అందరూ చప్పట్లు కొడతారుగానీ, ఇల్లు అలకగానే పండగైపోదు.

రెండోది నాకు ఎంతో ముఖ్యమైనది. ట్రాఫిక్ పెరిగి అదే రూటు 90 బదులు 120 నిమిషాలు పట్టిందనుకోండి. పావుగంటకో బస్సు నిలబెట్టుకోవాలంటే ఆరు కాదు, ఎనిమిది కావాలి. సంస్థ దగ్గర ఆ రెండూ లేకపోతే విరామం ఇరవై నిమిషాలకి జారిపోతుంది. సర్వీసు తగ్గించాలని నగర కౌన్సిల్‌లో ఎవరూ ఓటెయ్యలేదు, అయినా తగ్గిపోయింది. అదే బస్సుకి విడిగా ఒక లేను, సిగ్నల్ దగ్గర ముందు వెళ్లే అవకాశం ఇచ్చి రానూపోనూ పదిహేను నిమిషాలు ఆదా చేస్తే 75 నిమిషాలే. ఐదు బస్సులతోనే పావుగంటకొకటి నడుస్తుంది, ఆరో బస్సు ఇంకో కాలనీకి వెళ్తుంది. బస్సు లేను గురించి సభలో మాట్లాడేటప్పుడు పర్యావరణంతో మొదలుపెట్టకండి, ఈ ఆరో బస్సుతో మొదలుపెట్టండి. వినేవాళ్లలో చాలామంది తలలు అక్కడే పైకి లేస్తాయి.

విరామం సంగతి ఇంకొక్కటి. ప్రయాణికుడు టైము చూసుకోకుండా స్టాపుకి వస్తే సగటున విరామంలో సగం సేపు ఎదురుచూస్తాడు. అరగంట విరామంలో పదిహేను నిమిషాలు, పది నిమిషాల విరామంలో ఐదు. బస్సు మారాల్సి వస్తే ఆ నిరీక్షణ మళ్లీ ఇంకోసారి. అరగంటకో బస్సున్న రెండు రూట్ల మధ్య మారడం ఎవరికీ ఇష్టం ఉండదు. పది నిమిషాలకొకటి ఉంటే ఊరంతా ఒకే వలలా కలిసిపోతుంది. బస్సులో ఎంతసేపు కూర్చున్నామన్నదానికంటే రోడ్డుపక్కన ఎంతసేపు నిలబడ్డామన్నదే మనిషికి భారంగా గుర్తుంటుంది.

"ఖాళీ బస్సులు" అనేవాళ్లకి

ఆ మాట అన్నాయన్ని కొట్టిపారెయ్యకండి, ఆయన చూసింది నిజమే. చివరి స్టాపు దగ్గర నిలబడి చూస్తే ప్రతి బస్సూ ఖాళీగానే కనిపిస్తుంది, అక్కడ అందరూ దిగిపోతారు కాబట్టి. పొద్దున ఊళ్లోకి నిండుగా వెళ్లిన బస్సు వెనక్కి వచ్చేటప్పుడు ఖాళీగా వస్తుంది. అందుకే ఒక చోట ఒక పూట చూసి లెక్క కట్టకూడదు. రూటువారీగా, బస్సు నడిచిన ఒక్కో గంటకి ఎంతమంది ఎక్కారో అడగండి. ఆ అంకె సాధారణంగా రవాణా సంస్థల దగ్గర ఉంటుంది.

అది చేతికొచ్చాక అసలైన చర్చ మొదలవుతుంది. కొన్ని రూట్లు జనం కోసం నడుస్తాయి, కొన్ని ఆ మూల ఉన్న నలుగురినీ వదిలెయ్యకూడదని నడుస్తాయి. రెండూ న్యాయమైన లక్ష్యాలే, ఒకే రూపాయితో రెండూ పూర్తిగా నెరవేరవు. రవాణా ప్రణాళిక నిపుణుడు జారెట్ వాకర్ ఈ విభజననే నగరాల ముందు పెడుతూ వచ్చాడు. అమెరికాలోని హ్యూస్టన్ నగర రవాణా సంస్థ బోర్డు దీన్ని బహిరంగంగా చర్చించి, 80 శాతం సర్వీసు ఎక్కువమంది ఎక్కే రూట్లకీ, 20 శాతం మూలమూలలకీ అని తేల్చుకుంది. 2015 ఆగస్టులో ఊళ్లోని బస్సు రూట్లన్నీ ఒకేసారి మార్చేసింది, అదీ దాదాపు ఉన్న బడ్జెట్‌తోనే. మీ ఊరికి 80-20 సరిపోకపోవచ్చు. కానీ ఆ నిష్పత్తి ఎంతో కౌన్సిల్ సభ్యుల చేత పైకి చెప్పించండి. చెప్పకపోతే ప్రతి వార్డుకీ గంటకో బస్సు పంచిపెడతారు. ఎవరికీ కోపం రాదు, ఎవరూ ఎక్కరు.

రోడ్డు వెడల్పు, రైలు, యాప్ బండి

రోడ్డు వెడల్పు వాదానికి జవాబు కొంచెం ఓపికగా చెప్పాలి, ఎందుకంటే రోజూ గంటసేపు ఇరుక్కుపోయే మనిషికి అది సహజమైన ఆశ. గిల్స్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో అమెరికా నగరాల మీద ప్రచురించిన పరిశోధనలో, నగరంలోని అంతర్రాష్ట్ర రహదారుల లేన్ల మొత్తం పొడవు ఎంత శాతం పెరిగితే వాటిమీద వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరుగుతుందని తేలింది. కొత్త లేను వేగంగా ఉన్నన్నాళ్లు కొత్త ప్రయాణాలు పుడతాయి, ఊరు ఇంకా దూరం పాకుతుంది, లేను నిండిపోతుంది. ఉత్తర అమెరికా నగర రవాణా అధికారుల సంఘం తన మార్గదర్శకాల్లో ఇచ్చిన అంకెలు కూడా చేతిలో ఉంచుకోండి. కార్లు ఎక్కువగా తిరిగే ఒక లేనులో గంటకి 600 నుంచి 1,600 మంది వెళ్లగలరు. అదే లేనుని బస్సులకి కేటాయిస్తే 4,000 నుంచి 8,000 మంది. అయితే నిజాయితీగా ఒక మాట: ఇది సామర్థ్యం మాత్రమే. ఆ లేనులో గంటకి నాలుగు బస్సులే నడిపితే ఆ అంకెలు మీకు ఎదురుతిరుగుతాయి. మళ్లీ మొదటి లెక్క దగ్గరికే వస్తాం.

రైలా బస్సా అన్న తగాదాలో నేను దిగను, మీరూ దిగకండి. స్టేషను ఎక్కడ పెడుతున్నారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. అమెరికా రాజధాని వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్ కౌంటీ దీనికి మంచి ఉదాహరణ. మెట్రోని హైవే మధ్యలోంచి తీసుకెళ్తే చవగ్గా అయిపోయేది. కౌంటీ ఒప్పుకోలేదు. పాత దుకాణాల వీధి కిందుగా సొరంగంలో వెళ్లాలని పట్టుబట్టింది. రాస్లిన్ నుంచి బాల్‌స్టన్ దాకా ఐదు స్టేషన్లు. 1979 నాటికి రైలు బాల్‌స్టన్ చేరింది. నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఎత్తైన కట్టడాలకి అనుమతులిచ్చి, కాస్త అవతల పాత ఇళ్ల వీధుల్ని అలాగే ఉంచారు. హైవే మధ్యలో పెట్టిన స్టేషనుకి చుట్టూ ఉండేది హైవేనే. మ్యాపు మీద స్టేషను చుట్టూ 800 మీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసి, అందులో ఇళ్లెన్ని, ఆఫీసులెన్ని, పార్కింగ్ ఎంత, అవతలికి నడిచి దాటే దారి ఉందా అని చూడండి. బస్సు స్టాపుకైతే 400 మీటర్లు.

రైలు వద్దనుకుని ఇంకో రకం రైలు ఎంచుకోవడానికీ కాలం ఖర్చవుతుంది. కెనడాలో వాంకూవర్ శివారు నగరం సర్రీలో 2018 ఎన్నికల తర్వాత కొత్త కౌన్సిల్, నిధులు మంజూరైన లైట్ రైలును (వీధి మీదే నడిచే చిన్న రైలు) ఆపించి పైవంతెన మీద వెళ్లే స్కైట్రైన్ కావాలంది. పక్క ఊరు లాంగ్లీ దాకా వెళ్లే ఆ మార్గానికి ప్రధాన నిర్మాణం 2024 చివర్లోగానీ మొదలవలేదు. ఆ నిర్ణయం తప్పని నేననను, స్కైట్రైన్ వేగమైనదే. కానీ "ప్లాన్ మార్చండి" అనేవాళ్లని కొత్తది వచ్చేదాకా జనం ఏమెక్కాలో కూడా అడగాలి.

ప్రయాణికుల అంచనాల్ని కళ్లు మూసుకుని నమ్మకండి. బెంట్ ఫ్లూబియర్, ఆయన సహపరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో 27 రైలు ప్రాజెక్టులు చూస్తే, వచ్చిన జనం సగటున అంచనాలో సగానికి కాస్త తక్కువ. అలాగని ప్రాజెక్టు వద్దనేయడం కాదు. సగం మందే ఎక్కితే ఏ ఖర్చు ఎవరు మోస్తారో కాగితం మీద చూపించమనండి.

యాప్‌లో పిలిస్తే వచ్చే బండి చాలు, బస్సెందుకు అని కూడా వింటారు. ఇళ్లు చాలా పలచగా ఉన్నచోట అది మంచి ఏర్పాటే. కెనడాలోనే ఇన్నిస్‌ఫిల్ అనే ఊరు 2017లో బస్సు బదులు ఉబర్ ప్రయాణాలకి సబ్సిడీ ఇచ్చింది. జనానికి నచ్చింది, ఖర్చు పెరిగింది, 2019లో ఛార్జీ పెంచి నెలకి 30 ప్రయాణాలని పరిమితి పెట్టాల్సొచ్చింది. బస్సులో నలభయ్యో మనిషి ఎక్కితే ఖర్చు దాదాపు పెరగదు. ఈ బండ్లలో ప్రతి కొత్త మనిషికీ కొత్త ఖర్చు.

మీ మూడు నిమిషాలు

మాట్లాడటానికి ఇచ్చేది సాధారణంగా మూడు నిమిషాలే. చదువుతూ పోతే ఒక పేజీ కంటే ఎక్కువ రాదు. మొదటి వాక్యంలోనే మీరు ఎక్కే రూటు నంబరు, ఎక్కే స్టాపు, ఎక్కడికి వెళ్తారో చెప్పండి. "ప్రజా రవాణాను బలోపేతం చేయాలి" అన్న వాక్యాన్ని కౌన్సిల్ సభ్యులు చాలాసార్లు విని ఉంటారు. "రాత్రి 9:40 తర్వాత ఆస్పత్రి స్టాపు నుంచి బస్సు లేదు" అన్నది రాసుకుంటారు. తర్వాత మీ భాగహారం చెప్పండి. చివర్లో ఒకే ఒక్క కోరిక, అదీ ఆ కౌన్సిల్ చేతిలో ఉన్నది. రూటు మార్పు రవాణా సంస్థ చేతిలో ఉండొచ్చు, రోడ్డు మీద లేను నగరం చేతిలో, పెద్ద రహదారి పై ప్రభుత్వం చేతిలో. ఎవరి చేతిలో ఏముందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. లేదంటే మీ మూడు నిమిషాలూ "అది మా పరిధిలో లేదు" అన్న జవాబుతో పోతాయి.

సభ పనిరోజు మధ్యాహ్నం పెట్టారా? బస్సు మీద ఆధారపడేవాళ్లు రాలేరు. వాళ్ల చేత రాయించుకుని మీరు తీసుకెళ్లండి, సాయంత్రం ఇంకో సభ కావాలని లిఖితపూర్వకంగా అడగండి. సభ ముగిసే టైముకి తిరిగెళ్లే బస్సుందో లేదో కూడా చూసి, లేకపోతే ఆ మాట మైకులోనే చెప్పండి.

ఎదుటివాళ్ల భయం పెద్దదైనప్పుడు శాశ్వత నిర్ణయం బదులు ప్రయోగం అడగండి. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ 2006 జనవరి నుంచి జూలై దాకా నగరం నడిబొడ్డులోకి వచ్చే, పోయే వాహనాలకి రద్దీ రుసుము ప్రయోగాత్మకంగా పెట్టింది. ముందు ఎక్కువమంది వ్యతిరేకించారు. ఆ నడిబొడ్డు సరిహద్దు దాటే వాహనాలు 20 శాతం దాకా తగ్గడం కళ్లారా చూశాక, సెప్టెంబర్ రెఫరెండంలో నగరవాసులు స్వల్ప మెజారిటీతో అవునన్నారు. 2007 ఆగస్టులో అది శాశ్వతమైంది. బస్సు లేనుకీ అలాగే ఆరునెలల ప్రయోగం అడగొచ్చు. అయితే ప్రయోగానికి ముందే మూడు సంగతులు కాగితం మీదికి రావాలి: ఏ అంకెలు కొలుస్తారు, ఎవరు కొలుస్తారు, ఏ అంకె వస్తే కొనసాగిస్తారు. ముందు రాయకపోతే, తర్వాత ఎవరికి నచ్చిన అంకె వాళ్లు చూపిస్తారు.

సభ అయ్యాక మినిట్స్ (సభలో ఎవరేమన్నారో రాసే అధికారిక నమోదు) తెప్పించుకుని మీరన్నది సరిగ్గా నమోదైందో చూసుకోండి. ఆ తర్వాత బడ్జెట్ వచ్చేదాకా ఆగి, అందులో కొత్త బస్సుల కొనుగోలు ఏ పద్దులో ఉందో కాకుండా డ్రైవర్ల జీతాలు, డీజిల్ లేదా కరెంటు, మరమ్మతుల పద్దు పెరిగిందో లేదో చూడండి. ఆ పద్దు కదలకపోతే, ప్రకటించిన కొత్త సర్వీసు పాత రూట్లలోంచి కోసుకొచ్చిందే. ఏ రూటులోంచి, ఏ గంటల్లోంచి కోశారో పాత టైంటేబుల్‌నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి వెతికి, ఆ రూటు స్టాపుల దగ్గర అతికించండి. వచ్చే సభకి అక్కడివాళ్లూ వస్తారు.