డిజిటల్ పియానోపై కాలితో జారు: ఎక్స్‌ప్రెషన్ పెడల్‌ను పిచ్ బెండ్‌గా మార్చడం

పియానో మెట్ల మీద రిషభం నుంచి గాంధారానికి దూకవచ్చు గానీ జారలేం. రెండు చేతులూ వాయిస్తుండగా జారు (ఒక స్వరం నుంచి ఇంకోదానికి తెగకుండా జారే గమకం) పలకాలంటే ఆ పని కాలికి అప్పగించాలి.

ముందు మాన్యువల్ చివర ఉండే మిడీ (వాయిద్యాలు, కంప్యూటర్లు మాట్లాడుకునే భాష) ఇంప్లిమెంటేషన్ చార్ట్ తెరవండి. పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ వంచే సందేశం) వరుసలో ‘రికగ్నైజ్డ్’ గడిలో సున్నా గుర్తు ఉంటే పియానో సొంత శబ్దమే వంగుతుంది. ఇంటూ ఉంటే ఏం చేసినా వంగదు, ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ వాయిద్యాన్ని వాడుకోవాలి.

పియానోతో వచ్చే సస్టెయిన్ పెడల్ చాలావరకు ఉత్త స్విచ్. దాంతో స్వరం జారదు, ఒక్కసారిగా ఎగురుతుంది. పాదం ఎంత నొక్కితే అంత విలువ పంపే ఎక్స్‌ప్రెషన్ పెడలే కావాలి. దాని వైరు పొడిగించాల్సి వస్తే కోఠి గుజరాతీ గల్లీలో స్టీరియో జాకులున్నదే అడిగి తీసుకోండి, మోనో పనిచేయదు. జాక్‌లో టిప్ (కొన), రింగ్ (దాని వెనకే ఉండే వలయం) అమరిక కంపెనీని బట్టి మారుతుంది. పెడల్ తిరగబడి పనిచేసినా, మార్పంతా ఒక కొస దగ్గరే జరిగిపోయినా ముందు అక్కడే అనుమానించండి.

పెడల్‌కి పిచ్ బెండ్ కేటాయించే సెట్టింగ్ పియానోలోనే ఉంటే పని అయిపోయినట్టే. లేకపోతే పియానోని యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి కలిపి, లోకల్ కంట్రోల్ (మెట్లు నేరుగా పియానో శబ్దాన్ని పలికించే సెట్టింగ్) ఆపి, బోమ్ మిడీ ట్రాన్స్‌లేటర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో పెడల్ సందేశాన్ని పిచ్ బెండ్‌గా మార్చాలి. పెడల్ సాధారణంగా కంట్రోలర్ 11 (ఎక్స్‌ప్రెషన్) మీద 0 నుంచి 127 వరకు పంపుతుంది. పిచ్ బెండ్‌లో 8192 అంటే వంపు లేనట్టు, 16383 అంటే పూర్తి వంపు. కాబట్టి సూత్రం: 8192 + పెడల్ విలువ × 64. అసలు కంట్రోలర్ 11ని మాత్రం ముందుకు పోనివ్వకండి. పోనిస్తే మడమ ఆనించగానే శబ్దమే ఆగిపోతుంది, ఎందుకంటే ఎక్స్‌ప్రెషన్ 0 అంటే నిశ్శబ్దం.

చాలామందిని ఇబ్బంది పెట్టేది మడమ స్థానం. కొన్ని పెడళ్లు 0 దాకా దిగకుండా 2, 3 దగ్గరే ఆగుతాయి. పూర్తి వంపు 2 సెమీటోన్లయితే (సెమీటోన్ అంటే పక్కపక్క మెట్ల మధ్య దూరం, అందులో నూరో వంతు ఒక సెంటు) ఒక్కో అంకె దాదాపు ఒకటిన్నర సెంట్లు, అంటే వాద్యం ఎప్పుడూ మూడు నుంచి అయిదు సెంట్లు శ్రుతి మించే ఉంటుంది. 5 కన్నా తక్కువ వచ్చిన ప్రతి విలువనూ 0గా లెక్కించమని నియమం పెట్టండి.

బెండ్ రేంజ్, అంటే పూర్తి వంపులో స్వరం జరిగే దూరం, 2 సెమీటోన్లు చాలు. 12 పెడితే పెడల్ ఒక్కో అంకె తొమ్మిది సెంట్లు దాటుతుంది, జారు బదులు గరగర వినిపిస్తుంది.

పిచ్ బెండ్ ఒక మిడీ ఛానెల్‌లో (సందేశాలు వెళ్లే దారి) పలికే స్వరాలన్నిటినీ వంచుతుంది. కనుక ఎడమ చేతి శ్రుతిని 1వ ఛానెల్‌లో, కుడి చేతిని 2వ దాంట్లో ఉంచి, వంపును 2వ దానికే పంపండి. సస్టెయిన్ నొక్కి ఉంటే కుడి చేతి పాత స్వరాలు కూడా వంగుతాయి, అందుకే ముందు దాన్ని వదలాలి.

సీ షడ్జమం అనుకుని డీ నొక్కండి. పెడల్‌ని మెల్లగా చివరిదాకా తోస్తే ట్యూనర్‌లో ఈ, అంటే అంతర గాంధారం, కనబడాలి. ఒకటి రెండు సెంట్లు తగ్గినా పట్టించుకోనక్కర్లేదు. పాదం సగంలో ఉంటే సరిగ్గా సగం స్వరమే వస్తుందని మాత్రం నమ్మకండి, అది చెవితోనే పట్టాలి. తర్వాతి మెట్టు నొక్కేలోపు మడమ ఆనాలి, లేదంటే ఆ స్వరం రెండు సెమీటోన్లు పైకి పలుకుతుంది. ఈ సాధనకు పియానో టోన్ వద్దు, అది త్వరగా ఆరిపోతుంది. వేణువు లేదా వయొలిన్ టోన్ పెట్టుకోండి, జారు చివరిదాకా వినబడుతుంది.