పేపర్ల జాబితా తేలాకే సైటేషన్లు లెక్కపెట్టండి

ప్రమోషన్‌కో, గ్రాంటుకో పబ్లికేషన్ల వివరాలు అడగ్గానే గూగుల్ స్కాలర్ తెరిచి, అక్కడ కనబడిన హెచ్-ఇండెక్స్ (సైటేషన్లను, అంటే మీ పేపర్లను ఇతరులు తమ పేపర్లలో ఎన్నిసార్లు ఉటంకించారన్నదాన్ని బట్టి వేసే అంకె) రాసేయకండి. కాకినాడ, రాజమండ్రి, అమలాపురం వైద్య కళాశాలల్లో పనిచేసేవారికి ఆ అంకె తప్పే అవకాశం ఎక్కువ. మన పేర్లూ, మన ఊళ్ల పేర్లూ అందుకు కారణం.

ముందు పేరు సంగతి. ఇంటిపేరు 'కె', పేరు వెంకటేశ్వరరావు అనుకుందాం. వైద్య పేపర్లు వెతికే సైటు పబ్‌మెడ్ సాధారణంగా చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటుంది. పేరు విడదీసి రాసిన పేపర్లో ఆయన 'రావు కె.వి.', కలిపి రాసిన దాంట్లో 'వెంకటేశ్వరరావు కె.', ఇంటిపేరు పూర్తిగా చివర పెడితే ఇంకొకరు. ఒక్క మనిషి ముగ్గురవుతాడు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన డాక్టర్లకు ఈ చిక్కు రెట్టింపు. అందుకే వెతకడానికి ముందే ఇంతవరకు వాడిన రూపాలన్నీ కాగితం మీద రాసుకోండి. ఒక్కో రూపాన్నీ ఆథర్ (రచయిత) ఫీల్డులో పెట్టి, మధ్యలో 'ఆర్' (OR) చేర్చి ఒకేసారి వెతకండి.

'రావు కె.వి.' అంటే దేశంలోని రావులంతా దిగుతారు కాబట్టి అఫిలియేషన్‌తో (పేపర్లో రచయిత పేరుతో ఇచ్చే సంస్థ, చిరునామా) వడకట్టాలి. ఇక్కడ జాగ్రత్త. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయింది. 2022లో తూర్పు గోదావరి విడిపోయి కాకినాడ, కోనసీమ వేరే జిల్లాలయ్యాయి. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో వైఎస్సార్‌గా మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. కాబట్టి జిల్లానో విశ్వవిద్యాలయాన్నో నమ్ముకోకుండా, కళాశాల పేరులో అరుదైన మాటను పట్టుకోండి. కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలోని 'రంగరాయ' అలాంటిదే, అయితే దాని స్పెల్లింగులు రెండు మూడు ప్రయత్నించాలి.

2014కు ముందటి పబ్‌మెడ్ రికార్డుల్లో ఎక్కువగా మొదటి రచయిత చిరునామా ఒక్కటే ఉంటుంది. మూడో పేరుగా ఉన్న పాత పేపరు ఈ వడపోతలో జారిపోతుంది. ఆ కాలానికి అఫిలియేషన్ తీసేసి విషయాన్ని (ఫైలేరియా అనుకోండి), సహరచయిత పేరును కలిపి వెతకండి.

దొరికినవన్నీ ఎక్సెల్‌లో వరుసకొక పేపరు చొప్పున ఎక్కించండి: డీఓఐ (పేపరుకిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య), పబ్‌మెడ్ నంబరు, సంవత్సరం, రచయితల్లో ఎన్నో స్థానం, రకం (ఒరిజినల్, రివ్యూ, కేస్ రిపోర్ట్, లెటర్). డీఓఐ ప్రకారం సార్ట్ చేస్తే డూప్లికేట్లు బయటపడతాయి. ప్రీప్రింట్‌కూ (జర్నల్ సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతి) అచ్చయిన పేపరుకూ డీఓఐలు వేరు, అయినా లెక్కకు ఒక్కటే. సవరణ ప్రకటనను పేపరుగా లెక్కించవద్దు. రిట్రాక్ట్ అయినదాన్ని (జర్నల్ వెనక్కి తీసుకున్న పేపరును) దాచకుండా ఆ మాట పక్కనే రాయండి. పబ్‌మెడ్‌లో కనబడినంత మాత్రాన ఆ జర్నల్ మెడ్‌లైన్‌లో (పబ్‌మెడ్‌లో భాగమైన, ఎంపిక చేసిన జర్నళ్ల సూచిక) ఉన్నట్టు కాదు, విడిగా చూసుకోవాలి.

ఇప్పుడు ప్రొఫైళ్లు. ఆర్కిడ్ ఐడీ (పరిశోధకుడికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉచితం, 16 స్థానాలుంటాయి. అందులో 'ఇతర పేర్లు' దగ్గర మీ రూపాలన్నీ చేర్చండి. పేపర్లనూ సైటేషన్లనూ నమోదు చేసే డేటాబేసు స్కోపస్‌లో మీ పేరిట రెండు మూడు ఐడీలుంటే కలపమని కోరండి. గూగుల్ స్కాలర్‌లో కొత్త పేపర్లు వాటంతటవే చేరే సెట్టింగును ఆపి, ముందు ఈమెయిల్‌లో అడిగేలా పెట్టుకోండి. లేకపోతే వేరే రావుగారి పేపర్లు మీ ఖాతాలో పడతాయి. ఒకే పేపరు రెండుసార్లుంటే రెండూ టిక్ చేసి 'మెర్జ్' నొక్కండి.

ఆ తర్వాతే లెక్క. హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. కనీసం 5 సైటేషన్ల చొప్పున ఉన్న పేపర్లు 5 ఉంటే హెచ్ 5; అలా కుదిరే అతి పెద్ద అంకే హెచ్. సైటేషన్లను పెద్ద నుంచి చిన్నకు పేర్చండి: 30, 18, 9, 6, 5, 3, 1. అయిదో పేపరుకు 5 ఉన్నాయి, ఆరో దానికి 3 మాత్రమే. కనుక హెచ్ 5. పదికి తగ్గనివి రెండు, అంటే ఐ10 విలువ 2. మొత్తం సైటేషన్లు 72.

స్కాలర్ థీసిస్‌లనూ ప్రీప్రింట్లనూ కలుపుకుంటుంది కాబట్టి దాని అంకె సాధారణంగా స్కోపస్ కంటే పెద్దది. రెండూ కలిపి కూడొద్దు. ఎక్కడ, ఏ తేదీన చూశారో ప్రతి అంకె పక్కనా వేయండి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల అంకె) జర్నల్‌ది, మనిషిది కాదు. అన్నీ కూడి 'మొత్తం ఇంపాక్ట్ ఫ్యాక్టర్' అని రాసే అలవాటు మానుకోండి. దానికి బదులు మొదటి రచయితగా ఎన్ని, చివరి రచయితగా ఎన్ని, సొంత సైటేషన్లు (మీ పేపర్లను మీరే ఉటంకించినవి) తీసేస్తే మిగిలే సైటేషన్లు ఎన్ని అన్నది మూడు వరుసల్లో ఇవ్వండి.